ఉబ్బసానికి ఆకు మందు

బెంగళూరు చలి, పుప్పొడి ఉబ్బస రోగులకు గిట్టవు. డాక్టర్ హెచ్. పరమేశ్ ఇక్కడ పరిశీలించిన పిల్లల్లో 1979లో 9 శాతం మందికి ఉబ్బసం ఉండగా, 1999లో అది 29.5 శాతానికి పెరిగింది. మరి ఆకు పసరుతో ఇది నయమవుతుందా?

మూలికల్లో గుణం లేకపోలేదు. పూర్వం మనవాళ్లు ఆయాసానికి ఉమ్మెత్త పొగ పీల్చేవారు. 1802లో ఆ పద్ధతి మద్రాసు నుంచి బ్రిటన్‌కు చేరింది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ బిగుసుకున్న శ్వాసనాళాలను సడలిస్తుంది. దాని ఆధారంగా తయారైనదే నేటి ఇన్‌హేలర్లలోని ఇప్రట్రోపియం. అలాగే అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగా, కఫాన్ని పల్చబరిచే బ్రోమ్‌హెక్సిన్ వచ్చింది.

అయితే ఉమ్మెత్త విషం కూడా. ఏ ఆకులో ఎంత మందు ఉందో కంటితో చెప్పలేం. మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. తయారైన మందులో కొలత తెలుసు. తేడా అక్కడే ఉంది.

పైగా ఉబ్బసంలో శ్వాసనాళాల లోపల వాపు ఉంటుంది. దాన్ని అణచేది పీల్చే స్టెరాయిడ్ మందు. కషాయం ఆ పని చేస్తుందని రుజువు కాలేదు. కాబట్టి కషాయం తాగుతున్నామని ఇన్‌హేలర్ మానకండి. వాడే మూలికల సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయాసంతో మాట పెగలకపోయినా, పెదవులు నీలంగా మారినా అది కషాయం కాచే వేళ కాదు. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.