బిల్లు మీద రాయించుకున్నారా?

అస్కాలో మా ఇంట్లో ఫ్రిజ్ అంటే ముందు అమ్మ ఇన్సులిన్, తర్వాతే పాలూ పెరుగూ. పాతది మూలపడితే, పండగ కరపత్రం ఒకటి పట్టుకుని బరంపురం వెళ్లాను. అందులో ధర 14,990 రూపాయలు. దుకాణంలో సేల్స్ కుర్రాడు, "ఆ మోడల్ నిన్ననే అయిపోయింది సార్. ఇది 17,500. అయిదేళ్లు ఏ రిపేరొచ్చినా ఉచితంగా చేస్తాం" అన్నాడు. కొన్నాను.

పదిహేను నెలలకు ఫ్రిజ్ ఆగిపోయింది. అప్పటికి ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. "బిల్లులో ఏం రాసుందండీ?" అన్నారు యజమాని. ఒక్క ఏడాదని ఉంది! ఖాతాదారులకు రోజూ "చదివి సంతకం పెట్టండి" అని చెప్పే నాకు నోట మాట రాలేదు. సొంత డబ్బుతో బాగుచేయించేదాకా మూడు రోజులు అమ్మ మందు పక్కింట్లో దాచాం.

అప్పుడు బి.కాం. నాటి కాంట్రాక్టు పాఠం గుర్తొచ్చింది. మనకు 1872 నుంచీ ఉన్న చట్టమే. ప్రకటనలోని ధర సాధారణంగా "రండి, చూడండి" అనే ఆహ్వానం మాత్రమే. "కొంటాను" అని మనం అనడం ప్రతిపాదన. దుకాణదారు సరేనంటేనే ఒప్పందం.

దీనికీ మినహాయింపు ఉంది. ఇంగ్లండులో ఒక కంపెనీ, తమ 'కార్బాలిక్ స్మోక్ బాల్' చెప్పినట్టు వాడినా ఫ్లూ వస్తే వంద పౌండ్లిస్తామని ప్రకటించింది. అందుకు వెయ్యి పౌండ్లు బ్యాంకులో వేశామనీ రాసింది. వాడినా శ్రీమతి కార్లిల్‌కు ఫ్లూ వచ్చింది. అది ఉత్త ప్రచారం కాదు, డబ్బివ్వాల్సిందేనని 1892లో అప్పీలు కోర్టు తేల్చింది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం మరో మెట్టు ఎక్కింది. ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకుండానే తగ్గింపు ధర ప్రకటిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సలహాకు 1915 నంబరుంది.

మరి కుర్రాడి మాట? నోటిమాటా ఒప్పందమే. యజమాని తరఫున కౌంటర్లో నిలబడినవాడి మాట సాధారణంగా యజమానికీ వర్తిస్తుంది. చిక్కల్లా రుజువుతోనే. నా కరపత్రం ఏనాడో పోపులపెట్టె కిందికి చేరింది.

మొన్న మా మేనకోడలు వాషింగ్ మెషిన్ కొంటుంటే వెంట వెళ్లాను. అక్కడా "అయిదేళ్లు" అన్నారు. "బిల్లు మీద రాసి ముద్ర వెయ్యి బాబూ" అన్నాను. కలం తీసినవాడు కాస్త ఆగి, "మోటారుకు మాత్రమే సార్" అన్నాడు.

పాఠకులకు నా మనవి అదే. డబ్బు కట్టకముందే రాయమనండి.