డ్యాష్‌బోర్డు నివేదికలలో ఎంపికకు తగిన అంకెలు

ప్రభుత్వ పథకాల ప్రగతిని తెలిపే డ్యాష్‌బోర్డులలో జిల్లా, మండలం, కాలం అనే ఎంపికలు పరస్పరం అనుసంధానమై ఉండాలి. జిల్లాను మార్చిన వెంటనే మండలాల జాబితా తదనుగుణంగా మారి, పాత మండలం ఎంపిక రద్దు కావాలి. లేనిపక్షంలో ఒక జిల్లా పేరు కింద మరొక ప్రాంతపు వివరాలు కనిపించే ప్రమాదం ఉంది.

కాలం ఎంపికకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా పునర్వ్యవస్థీకృతమయ్యాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల ప్రాంతాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. 2021 సంవత్సరానికి తిరుపతి జిల్లాను ఎంచుకున్నప్పుడు నివేదిక ‘సున్నా’ చూపరాదు. నాటికి ఆ జిల్లా ఏర్పడలేదని తెలపాలి, లేదా సంబంధిత మండలాల పాత లెక్కలను కూడి చూపాలి. సున్నా అంటే పని జరగలేదని అర్థం. వివరాలు లేకపోవడం వేరు. కావున అంకెలను ఉదహరించే ముందు నివేదికలోని ప్రాంతం, కాలం సరిచూసుకోవడం అవసరం.