బుల్లి కారుకూ ఉండాలి ఓ షెడ్డు!

పుట్టినరోజు నాడు ఇల్లంతా గిరికీలు కొట్టిన రిమోట్ కారు నెల తిరిగేసరికి అటకెక్కుతుంది. ‘చవక సరుకు, అంతకంటే ఏం వస్తుంది’ అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. పిల్లాడు మాత్రం ఆ రిమోట్‌ను దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. నిజానికి చాలాసార్లు ఆ కారుకు పట్టిన జబ్బు ఓ చిన్న పగుళ్ల పంటిచక్రమో, ఇరుసుకు చుట్టుకున్న తలవెంట్రుకో, చిలుము పట్టిన స్ప్రింగో! రైలింజన్లకే మరమ్మతులు చేసే మౌలాలిలో బొమ్మకారు అటకెక్కడమంటే కాస్త నామోషీయే మరి.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైలెక్కితే కాసేపటికే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. దర్గా ఉన్న ఆ గుట్టకు ఎంత పేరుందో, రైల్వేవాళ్లలో ఇక్కడి లోకో షెడ్డుకూ అంత పేరుంది. ఏళ్ల తరబడి డీజిల్ ఇంజిన్లను విప్పి, తుడిచి, బిగించి మళ్లీ పట్టాలెక్కించిన చోటు ఇది. ఆ ఇంజిన్ పనిచేసే తీరు తెలిస్తే బొమ్మకారు సగం అర్థమైనట్టే.

చాలామంది అనుకున్నట్టు రైలింజన్‌లోని డీజిల్ యంత్రం నేరుగా చక్రాలను తిప్పదు. అది జనరేటర్‌ను తిప్పుతుంది. అందులోంచి వచ్చిన కరెంటు ఇరుసుల దగ్గరున్న ట్రాక్షన్ మోటార్లకు చేరుతుంది. మోటారు కొసనున్న చిన్న పంటిచక్రం (దాన్నే పినియన్ అంటారు) ఇరుసు మీది పెద్ద పంటిచక్రాన్ని తిప్పితే అప్పుడు కదులుతుంది బండి. ఒకప్పుడు దేశమంతా తిరిగిన డబ్ల్యూడీఎం-2 రకం ఇంజిన్‌నే తీసుకోండి. దాని శక్తి 2600 హార్స్‌పవర్. మోటార్లు ఆరు. పినియన్‌కు 18 పళ్లు, పెద్ద చక్రానికి 65 పళ్లు. మోటారు మూడున్నర చుట్లకు పైగా తిరిగితే ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది.

మన బొమ్మకారులోనూ అచ్చంగా ఇదే ఏర్పాటు. డీజిల్, జనరేటర్ల బదులు బ్యాటరీ. బొటనవేలంత మోటారు. దాని కొసన ఎనిమిదో పదో పళ్లున్న ప్లాస్టిక్ పినియన్. అందుకే షెడ్డులో ఇంజిన్‌కు ఏమేం చూస్తారో ఇంట్లో కారుకూ అవే చూడాలి. కరెంటు సరిగ్గా అందుతోందా, పళ్లు బాగున్నాయా, తిరిగేచోట చమురుందా, దుమ్ము చేరిందా... అంతే!

ముందు సెల్లులు చూడండి

కారు కదలకపోతే వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోనక్కర్లేదు. ఎక్కువసార్లు తప్పు సెల్లుల డబ్బాలోనే ఉంటుంది.

నాలుగు పెన్సిల్ సెల్లులతో నడిచే కారుకు ఆరు వోల్టులు అందాలి. గోడ గడియారానికి వాడే చవక సెల్లులు ఇక్కడ పనికిరావు. గడియారం తాగే కరెంటు చిటికెడు, కారు మోటారు తాగేది చెంబుడు. అలాంటి సెల్లులు కాసేపటికే నీరసించిపోతాయి. ఆల్కలైన్ సెల్లులు ఎక్కువసేపు నిలుస్తాయి. రోజూ ఆడే పిల్లలుంటే రీఛార్జబుల్ సెల్లులు మేలు. ఒక్కొక్కటి ఒకటింబావు వోల్టు కంటే కాస్త తక్కువే ఇస్తుంది కనుక కారు వేగం కొంచెం తగ్గొచ్చు గానీ, కొన్ని వారాల్లోనే ఖర్చు కలిసొస్తుంది. పాత సెల్లులతో కొత్తవి కలపడం మన ఇళ్లలో మామూలే. నీరసించిన సెల్లు మిగతావాటి కరెంటుకు అడ్డుపడి, చివరికి కారిపోతుంది.

కారిపోవడమంటే గుర్తొచ్చింది... వేసవి సెలవులయ్యాక కారును సెల్లులతో సహా అట్టపెట్టెలో పెట్టేస్తారు. దసరాకు తీసేసరికి స్ప్రింగుల మీద తెల్లటి పొడి, ఆకుపచ్చ చిలుము! ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది క్షారం. ఇయర్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి రుద్దితే అది విరుగుతుంది. తర్వాత తడి బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో స్ప్రింగును మెల్లగా గీకితే లోహం మెరుస్తుంది. ఈ పని పెద్దవాళ్లే చేయాలి. ఆ పొడి కళ్లకూ చర్మానికీ మంచిది కాదు. ఆట అయిపోయాక సెల్లులు తీసేసే అలవాటుంటే ఈ తంటా ఏదీ ఉండదు.

ఛార్జింగ్ ప్యాక్‌తో వచ్చే కార్లకు వేరే జాగ్రత్త. ప్యాక్ మీద 700 ఎంఏహెచ్ అనీ, ఛార్జర్ మీద 250 ఎంఏ అనీ ఉందనుకోండి. 700ను 250తో భాగిస్తే దాదాపు మూడు. మధ్యలో వృథా అయ్యేది కలుపుకొంటే నాలుగు గంటలు. అంతకు మించి అక్కర్లేదు. ఇలాంటి చవక ఛార్జర్లలో చాలావాటికి నిండగానే ఆగే ఏర్పాటుండదు. రాత్రి పెట్టి పొద్దున తీస్తే ప్యాక్ వేడెక్కి త్వరగా చస్తుంది. ఆడిన వెంటనే ఛార్జింగ్ పెట్టడమూ తప్పే. చల్లబడనివ్వాలి.

ఇప్పుడొస్తున్న కార్లలో ఎక్కువగా లిథియం బ్యాటరీలు. ఒక్కో సెల్లు మామూలుగా 3.7 వోల్టులు, నిండితే 4.2. తేలికగా ఉంటాయి, బలంగా లాగుతాయి. కోపం కూడా ఎక్కువే! ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడటం, సూదితో గుచ్చడం, ‘ఒక్కసారి ఛార్జింగ్ పెట్టి చూద్దాం’ అనుకోవడం... ఈ మూడూ ప్రమాదమే. నిప్పంటుకుంటుంది. దానితో వచ్చిన ఛార్జరే వాడాలి. ఇంట్లో మనిషి మెలకువగా ఉన్నప్పుడే, పరుపు మీద కాకుండా గచ్చు మీద పెట్టి ఛార్జ్ చేయాలి. కొన్ని బుల్లి రిమోట్లలో బొత్తాం సెల్లులుంటాయి. చంటిపిల్లలు వాటిని మింగితే గంటల్లోనే గొంతులోపల కాలిపోతుంది. ఆ మూతకు స్క్రూ లేకపోతే ఆ బొమ్మ ఇంట్లోకి రాకపోవడమే మంచిది.

మోటారు పాడుతుంది... కారు కదలదు

మీట నొక్కితే ‘జుయ్’మని చప్పుడు వస్తుంది, చక్రాలు మాత్రం తిరగవు. ఈ లక్షణం కనిపిస్తే అనుమానించాల్సింది పినియన్‌నే. రెండు మిల్లీమీటర్ల లోహపు ఇరుసు మీద బిగువుగా కూర్చోబెట్టిన ప్లాస్టిక్ చక్రం అది. నెలల తరబడి ఆ బిగువుకు, వేడికి నిలువునా చీలుతుంది. చీలిక వెంట్రుకంతే ఉంటుంది కనుక కంటికి ఆనదు. మోటారు ఇరుసు లోపల తిరుగుతుంటుంది, పినియన్ జారిపోతుంటుంది. జిగురు పెట్టి అతికిద్దామనుకుంటారు చాలామంది. అది నిలవకపోగా, కారి మోటారులోకి పోతే ఉన్నదీ పోతుంది. పళ్లు లెక్కపెట్టి, అదే కొలతది కొత్తది వేయడమే మందు. దొరికితే ఇత్తడిది మరీ మంచిది. కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్ సామాన్ల బజార్లలో ఇలాంటివి అడగొచ్చు. పాత పినియన్‌ను చేతిలో పట్టుకెళ్లండి. నోటితో చెబితే కొలత తేడా వస్తుంది.

ఇంతకీ పినియన్ ఎందుకు విరుగుతుంది? పూర్తి వేగంతో ముందుకు పోతున్న కారును ఒక్కసారిగా వెనక్కి నడిపితే! పిల్లలకు ఈ విన్యాసం మహా ఇష్టం. ఆ దెబ్బంతా ఎనిమిది పళ్ల మీదే పడుతుంది. కారు గోడకో సోఫా కాలికో ఆనుకుని ఆగిపోయినా మీట వదలకపోవడం ఇంకో అలవాటు. తిరగలేని మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ముందు మోటారు వేడెక్కుతుంది, తర్వాత సర్క్యూట్‌లోని ట్రాన్సిస్టర్ మాడుతుంది. ‘ఆగితే వేలు తియ్యి నాన్నా’ అని మొదటిరోజే నేర్పితే సగం మరమ్మతులు తప్పుతాయి.

మోటారే పోతే బెంగపడక్కర్లేదు. ఇలాంటి కార్లలో ఎక్కువగా ఉండేది 130 అనే కొలత మోటారు. విడిగా దొరుకుతుంది. బిగించాక మీట ముందుకు నొక్కితే కారు వెనక్కి పోతోందా? రెండు తీగలూ అటుదిటు మార్చి అతికిస్తే చాలు. పాత మోటారు కొసల మధ్య 104 అని రాసి ఉన్న బిళ్ల ఉంటే దాన్ని పారేయకండి. మోటారులో పుట్టే చిన్న నిప్పురవ్వలు రేడియో సంకేతాన్ని చెడగొట్టకుండా ఆపేది ఆ కెపాసిటరే. అది ఊడిన కారు దగ్గరలో బాగానే నడుస్తుంది, నాలుగడుగులు దాటితే మాత్రం పిచ్చిపట్టినట్టు గింజుకుంటుంది.

వెంట్రుకలు, కొబ్బరినూనె

ఇంట్లో నడిచే కారుకు అసలు శత్రువు తలవెంట్రుక. ఊడ్చినా మిగిలే వెంట్రుకలు, దారప్పోగులు ఇరుసుకు చుట్టుకుని గట్టి ముడిలా బిగుస్తాయి. మోటారు వాటితోనే పోరాడుతుంటుంది, సెల్లులు అయిపోతుంటాయి. నెలకోసారి కారును తిరగేసి సూదితోనో చిన్న పట్టకారుతోనో లాగేయాలి. మౌలాలి లాంటి గుట్టల ప్రాంతంలో బయట ఆడితే ఇసుక, కంకరపొడి. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సరి. టైర్లు గచ్చు మీద జారుతుంటే తడిగుడ్డతో తుడవండి, పట్టు తిరిగొస్తుంది.

చమురు విషయంలో మనవాళ్ల చేయి ముందు కొబ్బరినూనె సీసా మీదకే పోతుంది. వద్దు. ఉష్ణోగ్రత 24 డిగ్రీల లోపుకు పడితే అది గడ్డకడుతుంది. సంక్రాంతి చలికి పళ్ల మధ్య మైనంలా తయారవుతుంది. పైగా దుమ్మును పట్టుకుంటుంది. ఇరుసు తిరిగేచోట కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, పళ్లకు తెల్ల గ్రీజు అగ్గిపుల్ల కొసతో కాస్త... చాలు. పెట్రోలు, కిరసనాయిలుతో కడగడం అసలే వద్దు. కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడి పగులుతాయి. కారు నీళ్లలో పడితే ముందు సెల్లులు తీసి, మూత విప్పి, ఒకరోజంతా ఫ్యాను కింద ఆరబెట్టాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఒంటి ప్లాస్టిక్ వంకర పోతుంది.

మీట నొక్కకపోయినా కారు ఓ పక్కకే పోతుంటే అడుగున ముందు చక్రాల మధ్య చూడండి. చాలా కార్లలో అక్కడో చిన్న మీట ఉంటుంది. దాన్ని అటూ ఇటూ జరిపి తిన్నగా నడిచేలా సరిచేసుకోవచ్చు.

ఒక రిమోట్, రెండు కార్లు

దూరం నుంచి యంత్రాన్ని నడపడం కొత్తేమీ కాదు. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా ఓ చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. 1976లో జపాన్‌కు చెందిన తమియా సంస్థ పోర్షే 934 నమూనాను తెచ్చాక విద్యుత్తుతో నడిచే రిమోట్ కార్ల సరదా ప్రపంచమంతా పాకింది.

పాతకాలం బొమ్మకార్లు ఎక్కువగా 27 లేదా 49 మెగాహెర్ట్జ్ తరంగాల మీద నడిచేవి. పండక్కి అన్నదమ్ముల పిల్లలిద్దరికీ ఒకే రకం కారు కొంటే ఒకరి రిమోట్‌కు రెండు కార్లూ కదిలేవి. ఇక ఇల్లు రణరంగమే! ఇప్పుడు వస్తున్న 2.4 గిగాహెర్ట్జ్ కార్లలో ప్రతి రిమోట్‌కూ తన కారుతోనే జత కుదురుతుంది. జత కుదరకపోతే రెండూ ఆపి, పెట్టెతో వచ్చిన కాగితంలో చెప్పిన వరసలో మళ్లీ ఆన్ చేయాలి. పాత రకం కారైతే తోకలా వేలాడే యాంటెన్నా తీగను అందం కోసం కత్తిరించకూడదు, అందే దూరం తగ్గిపోతుంది.

కొత్త కారు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. పనికిరాని బ్యాటరీలను తడిచెత్తలో కలపకుండా విడిగా పెట్టి, ఈ-చెత్త తీసుకునేవారికే ఇవ్వాలి. లిథియంవైతే కొసలకు టేపు అంటించి మరీ.

మరమ్మతుకు కూర్చునేముందు పాత చాప మీద తెల్లకాగితం పరిచి, దాని మీద కారు బొమ్మ గీసుకోండి. ఏ మూల స్క్రూ ఆ మూలే పెడితే చివర్లో ఒకటి మిగలడం ఉండదు. బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనక్కి తిప్పండి. ‘టక్’మని పాత గాడిలో పడ్డాకే ముందుకు తిప్పాలి. లేదంటే ప్లాస్టిక్‌లో కొత్త గాడి తొలిచి, మూడోసారికి పట్టు వదిలేస్తుంది. మూత పూర్తిగా వేయకముందే కారును బోర్లించిన గ్లాసు మీద ఎత్తి పెట్టి, చక్రాలు గాల్లో తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. రిమోట్ నొక్కే పని మాత్రం పిల్లాడికే వదిలేయండి.