అంకెల నుంచి ఈసీజీ గీత దాకా

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వైద్యులు ఎక్స్‌ఎమ్‌ఎల్ పేరు విననక్కరలేదు గాని, దాని ప్రమేయం లేకుండా వారికి రోజు గడవదు. అబుదాబిలో షఫాఫియా, దుబాయిలో ఈక్లెయిమ్‌లింక్ ద్వారా ఆసుపత్రులు పంపే బీమా క్లెయిములు ఆ రూపంలోనే ప్రయాణిస్తాయి. ఈసీజీని కూడా అలా పంపవచ్చు. అయితే వైద్యుడికి కావలసింది అంకెలు కాదు, గీత.

ఔషధ పరీక్షల్లో తీసిన ఈసీజీలను అమెరికా ఎఫ్‌డీఏకు సమర్పించడం కోసం హెచ్‌ఎల్7 సంస్థ రూపొందించిన ఏఈసీజీ ప్రమాణం 2004లో ఆమోదం పొందింది. అందులో నమూనాల మధ్య కాలవ్యవధి, అంకెను వోల్టేజిగా మార్చే గుణకం, ఒక్కో లీడ్‌కు అంకెల వరస ఉంటాయి. వాటిని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఎస్‌వీజీ గీతగా మారుస్తుంది. ఎస్‌వీజీ కూడా ఎక్స్‌ఎమ్‌ఎల్లే కనుక, గీసిన బొమ్మను తర్వాతి దశలో మళ్ళీ తెరిచి సరిచూడవచ్చు. ఫొటో వంటి బొమ్మతో ఆ వీలు లేదు.

లెక్క సులువే. సెకనుకు 25 మిల్లీమీటర్లు, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు. సెకనుకు 500 నమూనాలుంటే ఒక్కొక్కటి 0.05 మిల్లీమీటరు జరుగుతుంది. అంకె విలువ 5 మైక్రోవోల్టులైతే, 40 అనే అంకె 2 మిల్లీమీటర్ల ఎత్తు. కాని ఎస్‌వీజీలో నిలువు కొలత పైనుంచి కిందికి పెరుగుతుంది. రుణ చిహ్నం మరిస్తే ఎస్‌టీ ఉన్నతి కాస్తా పల్లమవుతుంది. గీతంతా తలకిందులవుతుంది కనుక అనుభవజ్ఞుడు దీన్ని పసిగట్టగలడు.

కొలత మారడం ఇంతకంటె ప్రమాదకరం. నివేదికలో చోటు చాలక గీతను 80 శాతానికి కుదించి, వెనుక గళ్ళను మాత్రం విడి బొమ్మగా యథాతథంగా ఉంచితే, 400 మిల్లీసెకన్ల క్యూటీ 320గా చదవబడుతుంది. చూపుకు ఏ లోపమూ కనబడదు. గళ్ళూ గీతా ఒకే ఎస్‌వీజీ సమూహంలో ఉంటే రెండూ కలిసే కుదించుకుంటాయి. వెడల్పు ఒక్కటే తగ్గితే చదరాలు దీర్ఘచతురస్రాలై హెచ్చరిస్తాయి.

ఎమిరేట్స్‌లో మరొక మెలిక ఉంది. అరబిక్ నివేదిక పేజీకి కుడి నుంచి ఎడమకు అనే దిశ ఇస్తే గీత తిరగబడదు. అందులో పొదిగిన ఎస్‌వీజీ అక్షరాలకు మాత్రం ఆ దిశ సంక్రమిస్తుంది. ఎడమ అంచున మొదలు కావలసిన 'వీ1', 'వీ2' వంటి పేర్లు ఆ అంచుకు అవతలికి జారి మాయమవుతాయి. ఏ గీత ఏ లీడ్‌దో తెలియని ఈసీజీతో వైద్యుడేం చేస్తాడు? ఎస్‌వీజీ మూలాంశంలోనే ఎడమ నుంచి కుడికి అని దిశ రాయాలి. అరబిక్ శీర్షికలను ఆ బొమ్మకు వెలుపల ఉంచాలి.