వాహన రక్షణ – విక్రేత వాక్కు

పండుగ రోజులలో మన పట్టణాలలోని మోటారు సైకిళ్ళ షోరూముల ముంగిట షామియానాలు వెలుస్తాయి. పూలదండ వేసిన కొత్త బండి పక్కన బల్లమీద తాళాలు, గొలుసులు, అలారం పెట్టెలు పేర్చి ఉంటాయి. మైకు పట్టుకొన్న యువకుడు "ఈ తాళం వేస్తే దొంగ మీ బండిని తాకనైనా తాకలేడు" అని ప్రకటిస్తాడు. ఆ మాట నమ్మి కొనేవారు కొందరు. ఆ మాట వల్లనే నమ్మకం సడలి వెళ్ళిపోయేవారు మరికొందరు. కావ్యంలో అతిశయోక్తి అలంకారమే కావచ్చును గాని, తాళాల బల్ల దగ్గర దానికి చోటు లేదు.

విక్రేత ముందుగా దొంగ పద్ధతిని తెలుసుకోవాలి. శూద్రకుని 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు చౌర్యాన్ని శాస్త్రంగా భావించి, గోడకు కన్నం వేసేటప్పుడు జందెంతో కొలతలు తీసుకొంటాడు. నేటి బండి దొంగకు అంత తీరిక లేదు. అతనికి కావలసినవి కొద్ది నిమిషాల వ్యవధి, ఎవరూ గమనించని చోటు. ఆ వ్యవధిని చాలకుండా చేయడమే తాళం పని. ఆ చోటును పదిమంది దృష్టికి తేవడమే అలారం పని.

హ్యాండిల్ తాళాన్ని బలంగా విరిచి ఊడగొట్టవచ్చు. డిస్క్ తాళం చక్రాన్ని తిరగనీయదు. అయితే ఇద్దరు కలిసి బండిని ఎత్తి మరొక వాహనంలో వేసుకొంటే అది ఏమీ చేయలేదు. అందుచేత స్తంభానికి చుట్టి వేసే గొలుసు కూడా అవసరం. ఆ గొలుసు నేలకు ఆనకూడదు. నేల ఆనుగా దొరికితే సుత్తి దెబ్బకు, కట్టర్ పట్టుకు అది సులువుగా లొంగుతుంది. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పడం కంటె, అక్కడే ఉన్న బండికి గొలుసు వేసి చూపడం మేలు. డిస్క్ తాళం తీయడం మరచి బండి కదిలిస్తే పడిపోయే ప్రమాదమున్నది కనుక, హ్యాండిల్‌కు తగిలించే రంగు తీగను కూడా చూపాలి. జీపీఎస్ పరికరం దొంగతనాన్ని ఆపదు, పోయిన బండి జాడ చెబుతుంది. సంకేతాలు అందని నేలమాళిగలలో అదీ కష్టమే.

నా పూర్వ విద్యార్థి ఒకడు ఇటువంటి మేళాలోనే అలారం కొన్నాడు. "మీకు ఐదేళ్ళ బీమా ఉన్నది, దిగులెందుకు?" అన్నాడట అమ్మినవాడు. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది ఇతరులకు కలిగిన నష్టానికే వర్తిస్తుంది. సొంత బండి పోతే పైసా రాదు. దొంగతనానికి వర్తించే భాగాన్ని చాలామంది ఒక ఏడాదికే తీసుకొంటారు. ఈ అబ్బాయి దానిని పునరుద్ధరించలేదు. రెండవ ఏట పరీక్షా కేంద్రం బయట బండి పోయింది. బండి లేని ఇంట్లో తండ్రి నెలనెలా వాయిదాలు కట్టారు. అలారంలో లోపం లేదు, లోపమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

చట్టం కూడా ఇటువంటి మాటను తేలికగా తీసుకోదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన చేసిన ఉత్పత్తిదారుకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

ఇటీవల ఒక మేళాలో ఓ పెద్దాయన గొలుసును చేతితో తూచి చూస్తూ "ఇది వేస్తే బండి పోదు కదా, బాబూ?" అని అడిగారు. "పోదని చెప్పలేనండీ. పక్కనున్న తాళం లేని బండికంటె దీనిని తీయడానికి దొంగకు ఎక్కువసేపు పడుతుంది. మీ బీమా కాగితం ఒకసారి చూపిస్తారా?" అన్నాడు ఆ యువకుడు. పెద్దాయన జేబులోనుంచి కాగితం తీసి, కళ్ళజోడు సవరించుకొన్నారు.