వయసు మీరిన దొరబండి: చిన్న రుగ్మతలు, వాటి నిదానం

ఒకప్పుడు శ్రీమంతుని వాకిట నిలిచిన కారు ముప్పది, నలుబది ఏండ్ల తరువాత సామాన్య గృహస్థుని చేతికి వస్తుంది. కొనేటప్పుడు దాని ధర స్వల్పంగానే తోస్తుంది. అసలు వెల తరువాత తెలియవస్తుంది. తలుపు తాళం పడదు, దీపం వెలగదు, తెల్లవారుజామున ఇంజను రెండు మూడుసార్లు దగ్గి ఊరకుంటుంది. ఇట్టి లోపాలలో పెక్కు చిన్న రబ్బరు ముక్కతో సరిపోయేవే. అయినా యజమాని కంగారుపడి షెడ్డుకు పరుగెత్తుతాడు. అక్కడ మొదట చేయి పడేది అన్నిటికంటె ఖరీదైన భాగం మీద. మేము ఎరిగిన ఒక విశ్రాంత ఉద్యోగిగారి పాత డీజిల్ కారు "తాళంచెవి తీసినా ఆగడం లేదు" అన్న ఒకే ఫిర్యాదుతో షెడ్డు చేరి, డీజిల్ పంపు ముక్కలు ముక్కలుగా విప్పబడి, మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. తీరా చూస్తే పంపులో దోషమే లేదు. కుమార్తె నికాహ్ కోసం దాచిన సొమ్ములో కొంత ఆ షెడ్డులో కరిగిపోయింది. ఆయన ముఖం గుర్తుకు వచ్చినప్పుడల్లా ఈ విషయమై నాలుగు మాటలు వ్రాయాలని మాకు అనిపించేది.

అన్ని కార్లను గురించి ఒకే వ్యాసంలో చెప్పబూనడం అవివేకం కనుక, లోకప్రసిద్ధమైన ఒక్క శ్రేణిని ఉదాహరణగా తీసుకుంటున్నాము. జర్మనీలో 1976 నుండి 1985 వరకు విక్రయింపబడిన మెర్సిడెస్-బెంజ్ 123 శ్రేణి అది. దాదాపు 27 లక్షల కార్లు తయారైనాయి. వీటిలో నాలుగు సిలిండర్ల 240డి, ఐదు సిలిండర్ల 300డి అనే డీజిల్ రకాలు దీర్ఘాయుష్షుకు పేరు పొందాయి. జర్మనీలో టాక్సీలుగాను, ఆ పిమ్మట మొరాకో దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే 'గ్రాండ్ టాక్సీ'లుగాను దశాబ్దాల పాటు పనిచేశాయి. విలాసం కోసం కొన్న బండి బరువులు మోసి పేరు తెచ్చుకోవడం ఒక వింతే!

ఇక ఆగని ఇంజను సంగతి. పెట్రోలు ఇంజనుకు విద్యుత్తు నిప్పురవ్వ ప్రాణం. తాళంచెవి తిప్పి ఆ రవ్వను ఆపితే ఇంజను ఆగుతుంది. డీజిల్ ఇంజనులో రవ్వ లేదు. గాలి తీవ్రంగా నొక్కబడి వేడెక్కడం చేతనే ఇంధనం మండుతుంది. కావున దానిని ఆపాలంటే ఇంధనాన్నే నిలిపివేయాలి. ఈ కార్లలో ఆ పనిని శూన్యం, అనగా వాక్యూమ్, చేస్తుంది. తాళంచెవి వెనుకనున్న చిన్న వాల్వు తెరుచుకొని, డీజిల్ పంపుకు అమర్చిన డబ్బీలోని పొరను వాక్యూమ్ లాగుతుంది, ఇంధనం ఆగుతుంది. పెట్రోలు ఇంజను తాను పీల్చే గాలి నుండే వాక్యూమ్‌ను పుట్టించుకోగలదు. డీజిల్‌కు ఆ సౌకర్యం లేదు గనుక ఇంజనుచే నడిచే ప్రత్యేకమైన పంపును అమర్చారు.

ఆ ఒక్క పంపు మీదనే తలుపుల తాళాలు కూడ ఆధారపడి ఉన్నాయి. డ్రైవరు తన తలుపు తాళం వేయగానే మిగిలిన తలుపులు, డిక్కీ, డీజిల్ మూత అన్నీ మూసుకొనే ఏర్పాటు ఆ రోజులలో గొప్ప విలాసం. ప్రతి తలుపులోను ఒక రబ్బరు పొర గల డబ్బీ, దానికి సన్నని గొట్టాలు ఉంటాయి. ఏండ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండి చీలుతుంది. వెనుక తలుపులోని పొర చిల్లిపడితే ముందున్న ఇంజను ఆగకపోవడానికి కారణం ఇదే. కడుపునొప్పికి తలకు పట్టువేసినట్లు డీజిల్ పంపును విప్పితే ఏమి ప్రయోజనం?

దోషాన్ని కనుగొనే పద్ధతి మన విద్యార్థులకు ప్రయోగశాలలో తెలిసినదే: ఒక్కొక్క శాఖను వేరుచేసి చూడాలి. తాళాలకు పోయే గొట్టాలు పసుపు రంగువి, ఇంజనును ఆపేవి గోధుమ రంగువి. పసుపు శాఖను ఊడదీసి, దాని మూలాన్ని తగిన మరతో బిగించి మూయాలి. ఇప్పుడు ఇంజను వెంటనే ఆగితే దోషం తలుపులలో ఉన్నట్లు. అప్పుడు ఒక్కొక్క తలుపును అదే విధంగా పరీక్షించాలి. ఆగకపోతే గోధుమ రంగు గొట్టాలను, వాటి రబ్బరు మోచేతులను, తాళంచెవి వెనుక వాల్వును చూడాలి. అందాక బానెట్ కింద 'స్టాప్' అని వ్రాసి ఉన్న మీటను చేతితో నొక్కితే ఇంజను ఆగుతుంది. గేరులో ఉంచి క్లచ్చి వదలి బలవంతాన ఆపే అలవాటు మంచిది కాదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. బ్రేకుకు సాయపడే బూస్టరు కూడ ఆ పంపు నుండే బలం పొందుతుంది. తాళం పడకపోవడం చిన్న రుగ్మత. బ్రేకు పెడలు రాయివలె గట్టిపడడం చిన్న రుగ్మత కాదు, ఆ బండిని రోడ్డు మీదికి తీయరాదు. పంపు నుండి టకటక శబ్దం వినబడినా ఉపేక్షింపరాదు. అందులోని బేరింగు విడిపోతే గుండ్లు టైమింగు చైను ఉన్న అరలో పడి ఇంజనునే చెరుపగలవు.

ఉదయం ఇంజను అందుకోకపోవడం తరువాతి ఫిర్యాదు. మనకు వేసవి దీర్ఘం గనుక దోషం దాగి ఉండి, డిసెంబరు చలిలో బయటపడుతుంది. సిలిండరును ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గులు తొలి సంవత్సరాల కార్లలో ఒకదాని వెంట ఒకటిగా, అనగా శ్రేణి సంధానంలో ఉండేవి. ఒకటి మాడితే ఏదీ వేడెక్కదు. 1980 ప్రాంతం నుండి సమాంతర సంధానం వచ్చింది. వీటిలో ఒకటి పోయినా ఇంజను అందుకుంటుంది, కాని తెల్లని పొగ విడుస్తూ అరనిమిషం వణుకుతుంది. వీటి పరీక్షకు ఒక చిన్న బల్బు చాలు. ప్లగ్గు తీగను విప్పి, బల్బు ఒక కొనను బ్యాటరీ ధనధ్రువానికి, మరొక కొనను ప్లగ్గు తలకు తాకించాలి. బల్బు వెలిగితే ప్లగ్గు తెగలేదు.

దీపాలు, వైపర్లు ఉండుండి ఆగిపోతే ముందు ఫ్యూజు పెట్టె తెరవాలి. అందులోనివి కండె ఆకారపు ఫ్యూజులు, తెల్లనివి 8 ఆంపియర్లు, ఎర్రనివి 16. ఇవి తెగకుండానే కొనల మీద తుప్పు వంటి పొర ఏర్పడి విద్యుత్తును అడ్డుకుంటాయి. బ్యాటరీ విప్పి, ఫ్యూజును వేళ్లతో నాలుగుసార్లు గిరగిర తిప్పితే చాలావరకు సరిపోతుంది. సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టడం మాత్రం ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిది.

థర్మోస్టాట్ విషయంలో మన మెకానిక్కులతో మాకు పేచీ ఉన్నది. "మన ఎండలకు ఇదెందుకు సార్?" అని దానిని తీసి పారవేయడం పరిపాటి. ఈ ఇంజనులో అది రెండు దారుల కాపలాదారు. సుమారు 80 డిగ్రీల వద్ద రేడియేటర్ దారిని తెరుస్తూ, ఇంజనులోనే నీరు తిరిగే అడ్డదారిని మూస్తుంది. దానిని తీసివేస్తే అడ్డదారి ఎల్లప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి వస్తుంది. చల్లబడుతుందనుకున్న ఇంజను మరింత వేడెక్కుతుంది.

చివరిగా వాన నీరు. కాళ్ల వద్ద పరచిన తివాసీ తడిసి వాసన వేస్తే తలుపు రబ్బర్లను నిందించకముందు ముందు అద్దం కింది కాలువను చూడాలి. వేపచెట్టు నీడన నిలిపిన బండిలో అది ఆకులతో పూడుకొని ఉంటుంది. పైకప్పు తెరుచుకొనే బండి అయితే దాని మూలలలో నీరు దిగే సన్నని గొట్టాలు ఉంటాయి. ఒక చెంబుడు నీరు మెల్లగా పోసి, అవి కారు కిందికి కారుతున్నవో లేదో వంగి చూడాలి. కారకపోతే మెత్తని నైలాన్ దారాన్ని దూర్చి శుభ్రపరచాలి. ఇనుప తీగ వాడరాదు. అది గొట్టాన్ని అతుకు వద్ద ఊడగొడితే, అంతవరకు తివాసీని మాత్రమే తడిపిన నీరు ఇక లోపలి రేకును తినడం మొదలుపెడుతుంది.