రైతు ఇంట సెల్‌ఫోను: లాభము, ఖర్చు, ఇంటిగుట్టు



ఇంట పెండ్లి కుదిరినంతనే చేవెళ్ళ, షాబాదు, వికారాబాదు ప్రాంతముల రైతు కుటుంబములు గాజుల కొరకు హైదరాబాదులోని లాడ్ బజారుకు వచ్చుట పరిపాటి. చార్మినారుకు పడమటగా మహబూబు చౌకు గడియారపు స్తంభము వైపు సాగు ఈ వీధి లక్క గాజులకు పెట్టినది పేరు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. లక్క అనునది కార్ఖానాలో పుట్టిన సరుకు కాదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు స్రవించు జిగురే లక్క. కావున అదియు ఒక విధమైన పంటయే.

ఒకప్పుడు గ్రామఫోను ప్లేట్లను కూడ ఈ లక్కతోనే చేసెడివారు. తరువాత ప్లాస్టిక్ ప్లేట్లు వచ్చినవి. రేడియో, టేపురికార్డరు, టెలివిజను ఒకదాని వెంట ఒకటి ఇంటికి చేరినవి. నేడు వాటి పనులన్నియు ఒక్క సెల్‌ఫోనే చేయుచున్నది. అయితే ఒక భేదము కలదు. గ్రామఫోను మనకు పాట వినిపించెడిదే గాని, మన మాటలను మరియొకరికి చేరవేసెడిది కాదు. సెల్‌ఫోను రెండు పనులను చేయగలదు. దాని లాభమును పొందుచు నష్టమును తప్పించుకొను మార్గములను ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

ఎట్టి పనికి ఎట్టి ఫోను?

"ఫోను లేనిదే పూట గడవదు" అనువారు కొందరు. "ఫోనే మా ఇంటిని పాడు చేసినది" అనువారు మరికొందరు. ఇరువురి మాటలోను కొంత నిజము కలదు. ముందుగా మీకు ఫోనుతో ఏ పని కలదో నిర్ణయించుకొనుడు.

పురుగులు, తెగుళ్ళు, ఎరువులను గూర్చి సలహా కావలెనన్న కిసాన్ కాల్ సెంటరుకు ఫోను చేయవచ్చును. 2004 నుండి ఈ సేవ నడచుచున్నది. నంబరు 1800-180-1551. తెలుగులోనే మాటలాడవచ్చును, ఖర్చు లేదు. ఇందుకు మీటల ఫోను చాలును. డబ్బు పంపుటకు కూడ స్మార్టుఫోనే ఉండవలెనను నియమము లేదు. 2022 నుండి యూపీఐ 123పే అను పద్ధతి ద్వారా మీటల ఫోనుతోను చెల్లింపులు చేయవచ్చును. తెగులు సోకిన ఆకును ఫోటో తీసి శాస్త్రవేత్తకు పంపుట, వాతావరణ పటములను చూచుట వంటి పనులకు మాత్రమే స్మార్టుఫోను అవసరము. అట్లు ఫోటో తీయునప్పుడు ఆకు పైభాగమును, అడుగుభాగమును, మొక్క మొత్తమును వేరువేరుగా తీసి పంపవలెను. ఒక్క ఆకును మాత్రమే చూచి తెగులును నిర్ధారించుట కష్టము.

ఇంటికి ఒక స్మార్టుఫోను, తక్కిన వారికి మీటల ఫోనులు ఉన్నచో అనేక కుటుంబములకు సరిపోవును.

ఖర్చు లెక్క

ఎద్దును కొనునప్పుడు వెలతో పాటు మేపు ఖర్చును కూడ లెక్క వేయుదుము గదా! ఫోనుకును అట్లే లెక్క వేయవలెను. ఉదాహరణకు, రూ. 12,000 పెట్టి కొనిన ఫోను మూడేండ్లు పనిచేసినచో ఏడాదికి రూ. 4,000 పడును. రూ. 300 రీచార్జి 28 దినములకే వచ్చినచో ఏడాదికి పండ్రెండు సార్లు కాదు, పదమూడు సార్లు చేయవలసివచ్చును. అనగా రూ. 3,900. రెండును కలిపి రూ. 7,900. ఇంట ఇట్టివి మూడు ఫోనులున్నచో ఏడాదికి రూ. 23,700. పి.ఎం. కిసాన్ క్రింద ఏడాదికి వచ్చు రూ. 6,000 ఒక్క ఫోను పోషణకైనను చాలదని దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఈ ఖర్చును తగ్గించు మార్గములు కలవు. మాట, సందేశములకు మాత్రమే పనికివచ్చు రీచార్జిలను కంపెనీలు అమ్మవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో నియమము చేసినది. ఇంటర్నెట్టు వాడని వృద్ధుల ఫోనుకు అట్టి రీచార్జిని అడిగి తీసుకొనుడు. దుకాణదారుడు తానుగా చెప్పునని ఎదురుచూడవలదు.

"వడ్డీ లేని వాయిదాలు" అను బోర్డు చూచి తొందరపడరాదు. రొక్కమిచ్చిన వారికి తగ్గించు సొమ్మెంతయో, వాయిదాలకు కాగితముల ఖర్చు, బీమా పేరుతో కలుపు సొమ్మెంతయో ముందుగా అడుగుడు. ఆ రెండును కలిపినదే మీరు కట్టు వడ్డీ. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పెద్దలు ఊరకనే చెప్పలేదు. వాయిదా గడువు పంట చేతికి వచ్చు నెలకు ముందుగానే వచ్చుచున్నదేమో కూడ చూచుకొనుడు.

చెల్లింపులో జాగ్రత్త

యూపీఐ 2016లో ప్రారంభమైనది. నేడు లాడ్ బజారులోని చిన్న గాజుల దుకాణమున కూడ చతురపు గడులు గల కాగితము, అనగా క్యూఆర్ కోడ్, అతికించి ఉండును. చిల్లర బాధ తీరినది. దారిలో జేబు కత్తిరింపు భయము తగ్గినది. ఇది మేలే. అయితే కొన్ని దుకాణములలోని పెట్టె, చేరిన సొమ్మును బిగ్గరగా చదువును. బేరమాడి మీరు తగ్గించుకొనిన ధర ప్రక్క దుకాణమునకు, మీ వెనుక నిలిచిన వానికి కూడ తెలియును. పెండ్లి కొనుగోలుకు వచ్చిన వారి వద్ద సొమ్మున్నదని తెలిసికొనుటకు ఇదొక దారి. కావున పెద్ద మొత్తములు చెల్లించునప్పుడు చుట్టుప్రక్కల చూచుకొనుట మంచిది.

క్యూఆర్ కోడ్ పై మరియొక కాగితమును అతికించి సొమ్ము మళ్ళించు మోసము కలదు. కావున రహస్య సంఖ్య నొక్కుటకు ముందు తెరపై కనిపించు పేరును దుకాణదారునికి చదివి వినిపించుడు. ముఖ్యముగా ఒక్క సూత్రము మరువరాదు: సొమ్ము పంపుటకే రహస్య సంఖ్య అవసరము, సొమ్ము పుచ్చుకొనుటకు అవసరము లేదు. "మీ పంట డబ్బు వేయుచున్నాము, పిన్ నొక్కుడు" అని ఎవరైన అన్నచో వాడు మోసగాడే.

ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత ఫోనుకు చక్కగా వర్తించును. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసినది.

ఇది పట్టణపు చదువరుల గొడవ మాత్రమే కాదు. 2021లో పాతబస్తీలోనే సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు దారిలో ఆపి, ముఖమునకున్న మాస్కు తీయుమని, ఫోటో తీసిరి. ముఖమును గుర్తించు యంత్రముల వాడుకను ప్రశ్నించుచు ఆయన తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చినది. గాజులు కొన వచ్చిన సామాన్యుని ముఖము కూడ ఎవరి వద్ద, ఎంతకాలము నిలువ ఉండునను ప్రశ్న ఇందులో ఇమిడియున్నది.

రైతులకు మరింత దగ్గర విషయము వేలిముద్ర. భూమి దస్తావేజుపై మనము వేయు ముద్ర పదిలముగా ఉన్నదనుకొందుము. కాని 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక వ్యక్తి రిజిస్ట్రేషను దస్తావేజులలోని వేలిముద్రలను తీసికొని, వాటితో రబ్బరు ముద్రలు చేసి, పరుల పేర సిమ్ కార్డులను చలామణిలోనికి తెచ్చి పట్టుబడినాడు. తాళము పోయినచో మార్చుకొనవచ్చును; వేలిముద్రను మార్చుకొనలేము. కావున ఆధార్‌లో "బయోమెట్రిక్ లాక్" వేయించుకొనుడు. దీనిని ఆధార్ యాప్‌లో చేసికొనవచ్చును. వేలిముద్రతో సొమ్ము తీయవలసిన నాడు తాత్కాలికముగా తెరచి, తరువాత మరల మూసివేయవలెను.

అప్పు యాప్‌లు: ప్రాణాంతకమగు వల

అయిదు నిమిషములలో అప్పు ఇత్తుమను యాప్‌లు కలవు. అవి మొదట ఫోనులోని నంబర్లు, ఫోటోలు చూచుటకు అనుమతి కోరును. గడువు దాటినంతనే ఆ నంబర్లకు ఫోను చేసి, ఫోటోలను మార్చి పంపి, బంధువులలో తలయెత్తుకొనకుండ చేయుదురు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున ఇట్టి వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. వారిలో ఒక వ్యవసాయ విస్తరణాధికారిణి కూడ కలరు. రైతులకు సలహా చెప్పు చదువుకొనిన వారే చిక్కుకొనిన వల ఇది. అందుచేత చిక్కుకొనిన వారిని అజ్ఞానులని నిందింపరాదు.

అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్లను, ఫోటోలను, ఫోను చేసిన జాబితాను చూడరాదని రిజర్వు బ్యాంకు 2022లో నియమము చేసినది. నంబర్లు చూపుమని అడిగిన యాప్ ఆ నియమమును మీరుచున్నదని తెలిసికొని వెంటనే తీసివేయుడు. ఇప్పటికే చిక్కుకొని ఉన్నచో సిగ్గుపడి దాచవద్దు. ఇంటివారికి చెప్పుడు, పోలీసులకు ఫిర్యాదు చేయుడు. బంధువులారా! మీకు అట్టి ఫోను వచ్చినచో ఆ మనిషిని ప్రశ్నించుటకు ముందు ఓదార్చుడు. ఒక్క మంచిమాట ప్రాణము నిలుపవచ్చును.

ఇంటిలోని మార్పు

అనేక ఇండ్లలో ఫోను కుమారుని చేతిలో ఉండును. బ్యాంకు ఖాతా తల్లి పేర ఉండును. ఖాతాకు కుమారుని నంబరు కలిపియున్నందున తన సొమ్ము ఎంత వచ్చినదో, ఎప్పుడు పోయినదో తల్లికి తెలియదు. ఆమె ఖాతాకు ఆమె నంబరునే కలుపుడు. మీటల ఫోనైనను ఆమె చేతికిండు. ఇది అవిశ్వాసము కాదు. ఎవరి పొలము గట్టు వారికి తెలిసియుండుట వంటిది.

రీచార్జి చేయక వదలిన నంబరును కంపెనీ కొంతకాలము తరువాత మరియొకరికి ఇచ్చును. అప్పుడు మీ బ్యాంకు సందేశములు వారికి పోవును. కావున నంబరు మార్చిన వెంటనే బ్యాంకునందు, ఆధార్‌నందు, వ్యవసాయ పథకములయందు మార్పించుకొనుడు.

పాత ఫోనును స్టీలు గిన్నెలకు, ప్లాస్టిక్ బకెట్లకు ఇచ్చివేయుట కూడ ప్రమాదమే. 2024లో రామగుండములో ఊరూర ఇట్లు సేకరించిన సుమారు 4,000 ఫోనులను పోలీసులు పట్టుకొనిరి. అవి సైబరు నేరగాండ్ల చేతికి పోవుచుండెను.

పిల్లల విషయమున పెద్దలే మాదిరి. అన్నము తినునప్పుడు తండ్రి ఫోను చూచుచు, బిడ్డను చూడవద్దనిన ప్రయోజనము లేదు. భోజనపు వేళ ఇంటిల్లిపాది ఫోనులను ఒకచోట పెట్టు నియమము ఖర్చు లేని మందు.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. పనిని బట్టి ఫోను కొనుడు. వెలతో పాటు ఏడాది రీచార్జి లెక్క వేయుడు.
2. పిన్, ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు.
3. "పి.ఎం. కిసాన్" పేర వాట్సాప్‌లో వచ్చు యాప్ ఫైళ్ళను తెరువరాదు. పథకములకు సంబంధించిన యాప్‌లను ప్లే స్టోరు నుండియే తీసికొనుడు.
4. ఆధార్ వేలిముద్రకు తాళము వేయుడు.
5. మీ పేర ఎన్ని సిమ్‌లున్నవో "సంచార్ సాథీ" ద్వారా చూచుకొనుడు. పోయిన ఫోనును కూడ అందులో పనిచేయకుండ చేయవచ్చును.
6. ఫోనును అమ్ముటకు ముందు సిమ్ తీసి, లోపలి సమాచారమంతయు చెరిపివేయుడు.
7. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయుడు. ఎంత త్వరగా చేసినచో సొమ్మును అంత సులభముగా ఆపవచ్చును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

లాడ్ బజారులో గాజు కొను తల్లి, దానిని చేతికి తొడిగి, కొలత సరిపోయినదా, పూస ఊడునా అని చూచి గాని రూపాయి ఇయ్యదు. అంతకంటె ఎన్నో రెట్లు ఖరీదైన ఫోను విషయమున కూడ అంత పరీక్ష చేయుట న్యాయము. చదువు వచ్చిన పిల్లలు ఈ వ్యాసమును ఇంటి పెద్దలకు చదివి వినిపించి, పై ఏడు విషయములను ఆ దినమే సరిచూడవలెనని మనవి.